భూతాపం తగ్గించే ఇంటి పనులు, ఆడవారి వ్యాపారాలకు అడ్డంకులు: సరిహద్దు కుటుంబాలకు ఒక కరదీపిక

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దల మాట. ఇప్పుడు ఆ ఎండ రోహిణి వచ్చేదాకా ఆగడం లేదు. ఉగాది పచ్చడి తిన్న నాటికే మధ్యాహ్నం వీధులు నిర్మానుష్యమవుతున్నవి. బావుల అడుగు కనిపిస్తున్నది. వాన కురిస్తే ఒక్క దినంలో నెల వాన కురుస్తున్నది, లేకుంటే నెలంతా చినుకు లేదు. ఈ మార్పు మూలంగా ముందుగా భారం పడేది ఇంటి ఆడవారి మీదనే. నీళ్ల బిందె మోసేది వారే, కట్టెలు ఏరేది వారే, కూలి పని తప్పినపుడు ఇల్లు ఎలా గడపాలో లెక్క వేసేదీ వారే.

భూతాపాన్ని తగ్గించే పనులలో చాలా భాగం కూడా వారి చేతిలోనే ఉన్నది. వాటిలో కొన్ని ఇంటి ఖర్చును తగ్గించేవి, మరికొన్ని ఆదాయం తెచ్చిపెట్టగలిగేవి. అయితే ఆడవారు వ్యాపారం మొదలుపెట్టే సరికి ఆస్తి, అప్పు, కాగితాలు, హద్దు దాటే పన్ను అనే నాలుగు గడపలు అడ్డు వస్తున్నవి. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర రాష్ట్రాలలోను, యానాంలోను తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఉపయోగపడేలా ఈ రెండు విషయాలను కలిపి ఇక్కడ వివరిస్తున్నాము.

భూతాపం అనగా ఏమి?

సూర్యరశ్మితో వేడెక్కిన భూమి ఆ వేడిని తిరిగి ఆకాశంలోకి వదులుతుంది. గాలిలోని కొన్ని వాయువులు ఆ వేడిలో కొంత భాగాన్ని దుప్పటివలె పట్టి ఉంచుతాయి. వీటిలో ముఖ్యమైనవి బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, ఇంకా మీథేన్, నైట్రస్ ఆక్సైడ్. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చడం వలన, అడవులు నరకడం వలన ఈ దుప్పటి మందమవుతున్నది. యంత్రయుగానికి ముందు పది లక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ నేడు 420 పాళ్లు దాటింది. 2024వ సంవత్సరంలో భూమి సగటు ఉష్ణోగ్రత 1850-1900 నాటి సగటుకంటె సుమారు 1.55 డిగ్రీలు అధికమని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. కొలతలు మొదలైన నాటినుండి అప్పటివరకు అంత వేడి సంవత్సరం లేదు.

మన దేశంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ విడుదల ప్రపంచ సగటులో సగానికి లోపే. పల్లెల వాటా ఇంకా స్వల్పం. కనుక భూమి వేడెక్కడానికి పల్లె గృహిణి కారణం కాదు. అయినా దిగువ చెప్పిన పనులు ఆమెకు లాభమే. ఎందుకనగా వీటిలో ప్రతి ఒక్కటీ ఇంటి సొమ్మును, ఒంటి ఆరోగ్యాన్ని, పొలం నీటిని కాపాడేదే.

ఇంటిలో చేయదగినవి

1. దీపాలు, పంకాలు. మన విద్యుత్తులో అధిక భాగం నేటికీ బొగ్గునుండే వస్తున్నది. ఒక యూనిట్ వాడితే సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పెట్టి, రోజుకు 5 గంటలు వెలిగిస్తే ఏటా 93 యూనిట్లు మిగులుతాయి. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంచారు. కనుక దీపాల మార్పు చాలా ఇళ్లలో జరిగే ఉంటుంది. పంకాల మార్పే మిగిలి ఉన్నది. పాత పంకా 75 వాట్లు తింటుంది. బి.ఎల్.డి.సి. అనే కొత్తరకం పంకాకు 30 వాట్లు చాలును. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 దినాలు తిరిగితే ఒక్క పంకా మీదనే 162 యూనిట్లు ఆదా. కొత్త పంకా ధర కొంత ఎక్కువ. అందుచేత ఉన్న పంకా పాడైనపుడు మార్చుకోవడం మేలు.

2. పొయ్యి. కట్టెల పొగ కంటికీ ఊపిరితిత్తులకూ చేటు. ఇళ్లలోని పొగ కారణంగా 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చిన తరువాత గ్యాసు పొయ్యి చాలా ఇళ్లకు చేరింది. అయితే రెండో సిలిండరు కొనే సొమ్ము లేక తిరిగి కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్లు ఉన్నవి. 14.2 కిలోల సిలిండరు మండితే సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పప్పు, బియ్యం ముందుగా నానబెట్టడం, గిన్నెపై మూత ఉంచడం, కుక్కరు వాడడం, ఉడుకు పట్టగానే మంట తగ్గించడం అనే నాలుగు అలవాట్లతో నెలకు వచ్చే సిలిండరును నెలన్నరకు సాగించగలిగితే ఏడాదికి 4 సిలిండర్లు మిగిలినట్లే. కట్టెల పొయ్యి తప్పని ఇంటివారు పొగగొట్టమున్న పొయ్యి కట్టించుకోవలెను. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వారు రూపొందించిన అస్త్ర ఒలె అటువంటిదే. కర్ణాటక పల్లెలలో దీనిని ఎరిగినవారు ఉన్నారు.

3. గోబర్ గ్యాసు. నాలుగైదు పశువులున్న ఇంటికి రోజుకు 50 కిలోల పేడ దొరుకుతుంది. 2 ఘనమీటర్ల ప్లాంటుకు అది సరిపోతుంది, కుటుంబం వంటకు గ్యాసు వస్తుంది. పేడ గుంతలో మగ్గి మీథేన్‌గా గాలిలో కలిసే బదులు పొయ్యిలో మండుతుంది. నూరేళ్ల కాలంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటె సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది గనుక ఈ లాభం చిన్నది కాదు. మిగిలిన జారుడు పేడ మేలైన ఎరువు. అయితే రోజూ పేడ కలిపి పోసే శ్రమ ఎవరిదో ఇంట్లో ముందే నిర్ణయించుకోవలెను. ఆ శ్రమ కూడా ఇల్లాలి నెత్తినే పడిన చోట ప్లాంట్లు మూలపడే ప్రమాదమున్నది.

4. వరి మడి. ఎప్పుడూ నీరు నిలిచిన మడినుండి మీథేన్ పుడుతుంది. ఆరుతడి పద్ధతిలో రంధ్రాలు చేసిన గొట్టాన్ని మడిలో పాతి, నీటి మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగినపుడే మళ్లీ తడి ఇస్తారు. పూత దశలో మాత్రం నీరు నిలపాలి. ఈ పద్ధతిలో నీరు 30 శాతం వరకు ఆదా అవుతుంది, మీథేన్ సుమారు సగానికి తగ్గుతుంది. బోరు మోటారు తక్కువ సేపు తిరుగుతుంది.

5. చెత్త, పంట వ్యర్థాలు. ప్లాస్టిక్కు, చొప్ప, ఆకులు కాల్చరాదు. తడి చెత్తను గుంతలో కుళ్లబెట్టి ఎరువు చేసుకోవచ్చును. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్కు పళ్లాలు, గ్లాసులు, చెంచాల వంటి వస్తువులు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధం.

6. ఇంటి పైకప్పు మీద సౌరవిద్యుత్తు. ఒక కిలోవాట్ పలకలు మన ప్రాంతపు ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. ఏడాదికి సుమారు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్లు. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు ఆపైన మొత్తం 78,000 రూపాయలు రాయితీగా నిర్ణయించారు. ఇల్లు, విద్యుత్ మీటరు ఎవరి పేరున ఉన్నవో వారి పేరుననే దరఖాస్తు నడుస్తుంది. ఈ చిన్న విషయంలోనే మన తరువాతి కథంతా ఉన్నది.

ఈ పనులలోనే వ్యాపారం కలదు

ఆకుల విస్తళ్లు. ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలలో అడ్డాకు, మహారాష్ట్రలోని సిరొంచ, చంద్రపూర్ వైపు మోదుగాకు, కర్ణాటక మలెనాడులో పోక పాళ, ఇలా ఒక్కొక్క సీమకు ఒక్కొక్క ఆకు. ప్లాస్టిక్కు నిషేధంతో పెళ్లిళ్లలోను, గుడి ప్రసాదాల వద్దను విస్తరికి తిరిగి గిరాకీ కలిగింది. చేతితో కుట్టిన విస్తరికంటె యంత్రంతో ఒత్తిన పళ్లేనికి ధర ఎక్కువ. ఆకు ఏరే ఆడవారికే యంత్రం కూడా దక్కితే ఆ తేడా వారికే మిగులుతుంది. లేకుంటే దళారికి పోతుంది. అడవి చిన్న ఉత్పత్తుల మీద అక్కడి అడవివాసులకు యాజమాన్య హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది. దంపతులిద్దరి పేరునా పట్టా ఇవ్వవలెనని కూడా అందులోనే ఉన్నది.

చిరుధాన్యాలు. జొన్న, కొర్ర, సామ, రాగులకు నీరు నిలపనక్కరలేదు, మీథేన్ బాధ లేదు. బీదరుకు చేరువలోని జహీరాబాదు వద్ద పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు పాత విత్తనాలను కాపాడి, చిరుధాన్యాలు పండించి అమ్మి, 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి పొందినవి. వారిలో అధికులు దళిత స్త్రీలు. 2008లో తమ సొంత రేడియోను కూడా వారే నడిపారు. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల పథకం మొదలుపెట్టింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు. బిస్కట్లు, మురుకులు, రాగి పిండి, మొలకెత్తించిన రాగుల పొడి, ఇవన్నీ ఇంట మొదలుపెట్టగలవే.

సౌర ఎండబెట్టు యంత్రాలు. టమాట ధర పడిపోయిన రోజున దారి పక్కన పారబోయడం మదనపల్లె, కోలారు, చింతామణి వైపు అందరూ చూచినదే. ఎండబెట్టి పొడి చేస్తే ఆ సరుకు నెలల తరబడి నిలుస్తుంది. మహారాష్ట్రలో ఎస్.ఫర్.ఎస్. టెక్నాలజీస్ అనే సంస్థ పల్లె మహిళా రైతులకు సౌర ఎండబెట్టు యంత్రాలు ఇచ్చి, ఎండబెట్టిన కూరగాయలు కొనే పద్ధతి నడిపి 2023లో ఎర్త్‌షాట్ బహుమతి పొందింది. ఇక్కడ యంత్రంతో పాటు కొనేవాడు కూడా వచ్చాడు. ఏ వ్యాపారానికైనా ఆ రెండవదే కీలకం.

సహజ సేద్యపు సరుకులు. జీవామృతం, ఘన జీవామృతం, కషాయాలు తయారు చేసి పొరుగు రైతులకు అమ్మే దుకాణాలు ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల ద్వారా నడుస్తున్నవి. ఈ ఉద్యమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి దక్కింది. రసాయన ఎరువుల వాడకం తగ్గితే నైట్రస్ ఆక్సైడ్ కూడా తగ్గుతుంది.

అడ్డంకులు ఎక్కడ?

ఆరవ ఆర్థిక గణన ప్రకారం 2013-14లో దేశంలోని వ్యాపార సంస్థలలో మహిళలు నడిపేవి సుమారు 14 శాతం మాత్రమే. వాటిలో 79 శాతం సొంత సొమ్ముతోనే నడుస్తున్నవి. అనగా బ్యాంకు మెట్లెక్కి అప్పు తెచ్చినవారు బహు కొద్ది. సొంత సొమ్ము అనగా చాలాసార్లు మెడలోని గొలుసు, చేతి గాజులు.

మొదటిది కాలం. 2024 నాటి కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. దాదాపు ఐదు గంటలు ఇంటికే పోగా మిగిలిన సమయంలో ఆమె సరుకు తయారు చేయాలి, సంతకు పోవాలి, బ్యాంకులో నిలబడాలి. వ్యాపారానికి మొదటి పెట్టుబడి డబ్బు కాదు, ఇంటివారు పంచుకునే పని. నీళ్లు పట్టడం, పిల్లలను బడికి పంపడం, పశువుల పని, ఈ మూడింటిలో ఒకటి ఇంటి మగవారు తీసుకుంటే రోజుకు ఒక గంట మిగులుతుంది.

రెండవది ఆస్తి. ఇది కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

పావగడ చెప్పే పాఠం

కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకా మూడు వైపుల ఆంధ్రప్రదేశ్‌తో చుట్టుకొని ఉన్న తెలుగు సీమ. కరవుకు పేరుబడ్డ ఈ నేల మీద తిరుమణి, వళ్లూరు, బలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం వెలసింది. 2019 చివరికి పూర్తి సామర్థ్యం అందుకున్నది. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో కౌలు మొదలైంది. వాన నమ్ముకుని వేరుశనగ వేసి నష్టపోయిన రైతుకు ఇది నిలకడైన ఆదాయం. బొగ్గు కాల్చకుండా విద్యుత్తు రావడం భూమికీ మేలు.

అయితే కౌలు చెక్కు భూమి ఎవరి పేరున ఉన్నదో వారికే వస్తుంది. భూమి లేని కూలీలకు, వారిలో అధికులైన ఆడవారికి, కలుపు తీత, కాయ కోత కూలి పోయింది. పలకలు కడగడం, గడ్డి కోయడం వంటి కొద్ది పనులు కొందరికే దొరికినవి. భూతాపాన్ని తగ్గించే పెద్ద పని కూడా హక్కు పత్రం లేని చేతిని దాటిపోగలదనుటకు ఇది కంటి ముందు కనిపించే ఉదాహరణ. కనుక పత్రంలో పేరు ముఖ్యం.

ఆడపిల్ల ఆస్తి హక్కు, రాష్ట్రాల వారీగా

హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1985లో నందమూరి తారక రామారావు ప్రభుత్వ కాలంలో చేసింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ బాట పట్టినవి. ఆ చట్టాల నాటికే పెళ్లయిన కుమార్తెలకు మాత్రం ఆ హక్కు దక్కలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్ర సవరణ దేశమంతటా అమలయింది, పెళ్లయినవారు, కానివారు అనే భేదం పోయింది. ఒడిశా, యానాం ఆడపడుచులకు ఈ హక్కు అప్పుడే వచ్చింది. ఆ తేదీనాటికి తండ్రి జీవించి ఉండనక్కర లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం ముగిసిన పంపకాలు మాత్రం కదలవు. తండ్రి స్వార్జితాన్ని వీలునామా ద్వారా ఎవరికైనా ఇవ్వవచ్చును.

చట్టం ఇలా ఉండగా, పెళ్లి ఖర్చులకే వాటా సరిపోయిందని చెప్పి అన్నదమ్ములు హక్కు విడుదల పత్రం మీద అక్కచెల్లెళ్లతో సంతకం పెట్టించడం మన పల్లెలలో ఎరుగనిది కాదు. పుట్టింటి రాకపోకలు ఆగిపోతాయన్న బెంగతో వారూ సంతకం పెడతారు. చదవకుండా, చదివించుకోకుండా ఏ పత్రం మీదను వేలిముద్ర వేయరాదు. పంపకం జరిగితే వెంటనే రెవెన్యూ పుస్తకాలలో పేరు ఎక్కించుకోవలెను. ఆ పుస్తకాన్ని కర్ణాటకలో పహణి అంటారు. తమిళనాడులో పట్టా, చిట్టా. మహారాష్ట్రలో సాత్ బారా. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1-బి. పెళ్లయి హద్దు దాటి వచ్చిన కోడలి పుట్టింటి భూమి ఒక రాష్ట్రంలో, కాపురం మరొక రాష్ట్రంలో ఉంటుంది. అటువంటివారు రెండు చోట్లా ఆధార్, బ్యాంకు ఖాతా, భూమి పుస్తకాలలో పేరు ఒకే తీరున ఉన్నదో లేదో సరిచూసుకొనవలెను. ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, ఒకచోట అత్తవారిది ఉన్నందువలన ఆగిపోయే దరఖాస్తులు ఎన్నో.

అప్పు, వడ్డీ లెక్క

ఆస్తి లేకున్నా అప్పు దొరికే దారులు ఉన్నవి. 1992లో నాబార్డు మొదలుపెట్టిన సంఘాల-బ్యాంకుల అనుసంధానం వాటిలో పెద్దది. స్వయం సహాయక సంఘాలకు 10 లక్షల వరకు హామీ ఆస్తి అడగరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. సంఘానికి ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క పేరు. కర్ణాటకలో స్త్రీశక్తి, మహారాష్ట్రలో బచత్ గట్, ఒడిశాలో 2001లో మొదలైన మిషన్ శక్తి, తమిళనాడులో మగళిర్ తిట్టం. పేరు వేరైనా పొదుపు, సమావేశం, పుస్తకాలు, తిరిగి చెల్లింపు అనే నాలుగూ ఒకటే. ఒంటరిగా వ్యాపారం పెట్టేవారికి 2015లో వచ్చిన ముద్రా రుణాలున్నవి. శిశు 50,000 వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. హామీ ఆస్తి అడగరు. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో పల్లె మహిళకు ఖర్చులో 35 శాతం రాయితీ, సొంత వాటా 5 శాతం అని నిర్ణయించారు. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో గడువు విచారించుకోవలెను.

ఇంటి గడపకు వచ్చి ఇచ్చే అప్పుల విషయంలో జాగ్రత్త అవసరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వసూలు ఒత్తిళ్లు దుర్మరణాలకు దారితీశాయన్న ఆరోపణల నడుమ 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పదిహేనేళ్ల తరువాత, 2025 ఫిబ్రవరిలో, కర్ణాటక కూడా బలవంతపు వసూళ్లకు వ్యతిరేకంగా ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. రిజర్వు బ్యాంకు 2022 నియమాల ప్రకారం కుటుంబం నెలసరి కంతులన్నీ కలిపి నెలసరి ఆదాయంలో సగం మించరాదు.

వడ్డీ లెక్క ఇలా చూడండి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనగా ఏటికి 24 శాతం, మూడు రూపాయలనగా 36 శాతం. ఇది మనవారికి తెలిసినదే. తెలియక మోసపోయేది మరొకటి ఉన్నది. 50,000 అప్పు, 12 శాతం వడ్డీ, 12 కంతులు అంటారు. వడ్డీ 6,000 కలిపి నెలకు 4,667 చొప్పున కట్టమంటారు. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం అసలు మీదనే వేసినందున నిజానికి అది ఏటికి 21 శాతం దాటుతుంది. కనుక అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వడ్డీ తగ్గే అసలు మీదనా, మొత్తం అసలు మీదనా? జవాబు కాగితం మీద రాయించుకోవలెను.

హద్దు దాటితే మారే నియమాలు

సరిహద్దు పల్లెకు దగ్గరి సంత చాలాసార్లు పక్క రాష్ట్రంలోనే ఉంటుంది. జి.ఎస్.టి. నియమం ఇక్కడే ఇబ్బంది పెడుతున్నది. సొంత రాష్ట్రంలో సరుకులు అమ్మేవారికి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కరలేదు. యానాం చేరిన పుదుచ్చేరిలోను, తెలంగాణలోను ఈ హద్దు 20 లక్షలు. కాని పన్ను గల సరుకును పక్క రాష్ట్రానికి పంపి అమ్మితే అమ్మకం ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఊరగాయ, మసాలా పొడి అమ్మే ఇల్లాలు పది మైళ్ల దూరంలోని సొంత రాష్ట్రపు పట్నానికి పంపితే ఒక న్యాయం, మూడు మైళ్లలోని పక్క రాష్ట్రపు అంగడికి పంపితే మరొక న్యాయం.

దీనికి మూడు దారులు కలవు. మొదటిది, ఆకులు, పువ్వులు, బెరడుతో చేసిన పళ్లాలు, దొన్నెల మీద పన్నును 2019లో పూర్తిగా తొలగించారు. పన్ను లేని సరుకులు మాత్రమే అమ్మేవారికి హద్దు దాటినా రిజిస్ట్రేషన్ అక్కరలేదు. రెండవది, ప్రభుత్వం పట్టికలో చేర్చిన హస్తకళా వస్తువులకు కొన్ని షరతులతో మినహాయింపు ఉన్నది. మూడవది, పది ఇళ్లవారు విడివిడిగా కాక సంఘాల సమాఖ్య పేరున ఒకే రిజిస్ట్రేషన్ తీసుకొని కలిసి అమ్మడం. అంతర్జాలపు అంగళ్ల ద్వారా రిజిస్ట్రేషన్ లేకుండా సరుకు అమ్మే వీలు 2023 అక్టోబరు నుండి చిన్నవారికి కలిగింది గాని, అది సొంత రాష్ట్రం లోపలికే పరిమితం.

తినుబండారాలు అమ్మేవారు ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేసుకొనవలెను. చిన్న తయారీదారులకు రుసుము స్వల్పమే. ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఉచితంగా జరుగుతుంది. దానికి డబ్బు అడిగేవారిని నమ్మరాదు.

భాష కూడా ఒక అడ్డంకియే. దరఖాస్తు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే తల్లికి అది పరాయి లిపి. ఆ రాష్ట్రపు బడిలో చదువుతున్న బిడ్డయే ఆమెకు దుబాసి. వారానికి ఒక సాయంత్రం బిడ్డ తల్లికి బ్యాంకు పుస్తకం, దరఖాస్తు చదివి వినిపించే అలవాటు చేసుకుంటే సంతకం పెట్టే చోట భయం పోతుంది.

మొదలుపెట్టేవారికి సూచనలు

* ముందు కొనేవారిని చూచుకొని తరువాత యంత్రం కొనవలెను. పది పెళ్లిళ్ల వంటవారితో, రెండు అంగళ్లతో మాట్లాడిన తరువాతే అప్పు.
* మొదటి మూడు నెలలు అద్దె యంత్రంతోనో, సంఘం యంత్రంతోనో చేసి చూడవలెను.
* ఇంటి ఖర్చు పుస్తకం, వ్యాపార పుస్తకం వేరువేరుగా ఉండవలెను. తమ కూలిని కూడా ఖర్చులో రాసుకోవలెను. కూలి రాయని లెక్కలో నష్టం కూడా లాభంగా కనిపిస్తుంది.
* బ్యాంకు ఖాతా, యంత్రం బిల్లు, విద్యుత్ మీటరు ఆమె పేరుననే ఉండవలెను. పేరు ఆమెది, పెత్తనం మరొకరిది అయితే రాయితీ వస్తుంది గాని వ్యాపారం నిలవదు.
* సరుకు సంతకు బస్సులోనే చేర్చగలిగితే ఖర్చూ పొగా రెండూ తగ్గుతాయి. ఆడవారికి ఉచిత ప్రయాణం ఆయా రాష్ట్రాల బస్సులకే పరిమితం. హద్దు దాటే బస్సులో టిక్కెట్టు నియమం ముందే అడిగి తెలుసుకోవలెను.

ఒక విస్తరి, ఒక బల్బు, ఒక ఆరుతడి మడి వలన భూమి వేడి ఒక్కసారిగా తగ్గిపోదు. పెద్ద కర్మాగారాలు, పెద్ద దేశాలు చేయవలసిన పని వారు చేయవలసిందే. అయితే ఇంటి ఖర్చు తగ్గించి, ఇల్లాలి చేతికి నాలుగు రూపాయలు తెచ్చే పనిలో మన వంతు కూడా ఇమిడి ఉన్నపుడు దానిని వాయిదా వేయనక్కర లేదు. ఈ వారం చేయదగిన మొదటి పని ఖర్చు లేనిది. ఇంటి పెట్టెలోని భూమి పుస్తకం, విద్యుత్ బిల్లు, బ్యాంకు పుస్తకం తీసి, వాటిలో ఇంటి ఆడవారి పేరు ఎక్కడ ఉన్నదో, ఎక్కడ లేదో ఇంటిల్లిపాది కూర్చుని చూడవలెను. లేని చోట ఎక్కించడంతోనే వ్యాపారం మొదలైనట్లు.